వైద్యునకు సహాయకుడు - రాష్ట్రము ఇచ్చు లైసెన్సు

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరములో చేసిన ప్రసంగ పాఠము)



కొంతకాలము క్రిందట మేము ఒక గ్రామసభకు వెళ్ళియుంటిమి. అర్హత లేని వైద్యము వలన కలుగు కీడును గూర్చి నాలుగు మాటలు చెప్పుటకై మమ్ము పిలిచిరి. చట్టము చెప్పితిమి, జైలుశిక్ష చెప్పితిమి, జరిమానా చెప్పితిమి. సభ నిశ్శబ్దముగా వినెను. అంతయు ముగిసిన పిమ్మట వేపచెట్టు అరుగు మీదనుండి ఒక పెద్దాయన లేచి, "అంతా బాగానే చెప్పారు బాబూ. రాత్రి పన్నెండు గంటలకు మా కోడలికి ఆయాసమొస్తే మీ లైసెన్సు వచ్చి తలుపు తడుతుందా?" అని అడిగెను. సభలో నవ్వులు వినవచ్చినవి. మాకు మాత్రము నవ్వు రాలేదు. మేము పంచి పెట్టిన కరపత్రములో ఆ ప్రశ్నకు సమాధానము లేదు. నేటి మా ప్రసంగము ఆ పెద్దాయనకు ఆలస్యముగా ఇచ్చుచున్న జవాబు అని మీరు భావింపవచ్చును.

మన పల్లెలలో ఆర్.ఎం.పి. అను మాటకు ఒక విచిత్రమైన చరిత్ర కలదు. చట్టములో ఆ మూడక్షరములకు "రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్" అని అర్థము. అనగా మెడికల్ కౌన్సిల్ పట్టికలో పేరు నమోదైన డాక్టరు. పల్లెలో అవే మూడక్షరములు ఏ పట్టికలోను పేరు లేని వానికి బిరుదైనవి. అడిగినచో "రూరల్ మెడికల్ ప్రాక్టీషనర్" అని విప్పి చెప్పుదురు. అక్షరములు అవియే, అర్థము తలక్రిందులు. మన చిక్కులో సగము ఈ తారుమారులోనే ఉన్నది.

అట్టి వానిని దుర్మార్గునిగా చిత్రించుట మా ఉద్దేశము కాదు. పట్టణములో ఎవరో డాక్టరు వద్ద పదేండ్లు కాంపౌండరుగా పనిచేసి, సూది వేయుట, కట్టు కట్టుట, సెలైను ఎక్కించుట చూచి చూచి నేర్చుకొని, స్వగ్రామము చేరి ఒక గది తీసికొనును. అప్పుకు మందు ఇచ్చును. పంట చేతికి వచ్చువరకు డబ్బు అడుగడు. అర్ధరాత్రి పిలిచినను కసరుకొనడు. ఊరివారు ఆయనను "డాక్టరుగారు" అని పిలుచుటలో కృతజ్ఞత కలదు. దానిని మేము తక్కువ చేయము.

అయినను మా యింటి సంగతి ఒకటి చెప్పవలసియున్నది. మా తల్లిగారికి మోకాళ్ళ నొప్పులు. స్వగ్రామములో అట్టి యొకరి వద్ద కొన్ని సంవత్సరములు మందు తీసికొనిరి. సూది వేసిన రోజున లేచి తిరిగెడివారు, ఇంటిల్లిపాదియు సంతోషించెడివారము. క్రమముగా ముఖము ఉబ్బెను, చక్కెర వ్యాధి బయటపడెను, ఒకనాడు గడప వద్ద జారినంతమాత్రమున తుంటి ఎముక విరిగెను. పట్టణములోని డాక్టరు పరీక్షించి, ఇన్నాళ్ళును ఆమెకు స్టెరాయిడు మందు పడుచుండెనని చెప్పెను. ఆ మాత్రలు అట్ట విప్పి, విడిగా, కాగితపు పొట్లములలో ఇచ్చినవి. మందు పేరు లేదు, చీటీ లేదు, వ్రాసినవాని సంతకము లేదు. ఎవరిని అడుగవలెను? ఏ మండలికి వ్రాయవలెను? ఆయన పేరు ఏ పట్టికలోను లేదు కనుక తీసివేయుటకును వీలు లేదు. మా తల్లిగారు ఆయనను ఈనాటికిని నిందింపరు. "పాపం, బాగు చేద్దామనే కదా ఇచ్చాడు" అని అందురు. అది నిజమే కావచ్చును. మంచి మనసునకును మందు తెలివికిని సంబంధము లేదు.

ఒక్క యింటికే ఆగిన కీడు ఇది. ఊరు మొత్తమునకు తగిలిన కీడు 2014లో కంబోడియా దేశములో బయటపడెను. బట్టంబాంగ్ రాష్ట్రములో రోకా అను గ్రామము కలదు. అచట లైసెన్సు లేని యొకడు జనుల నమ్మకము చూరగొని వైద్యము చేయుచుండెను. శుభ్రపరచని సూదుల వలన ఆ ప్రాంతములో 200 మందికి పైగా హెచ్.ఐ.వి. సోకెను. పసిపిల్లలును, పండు ముసలివారును అందులో ఉన్నారు. 2015 డిసెంబరులో న్యాయస్థానము అతనికి 25 సంవత్సరముల శిక్ష విధించెను. శిక్ష పడినది గాని, సోకిన వ్యాధి వెనుకకు పోలేదు.

ఇక పెద్దాయన ప్రశ్నకు వత్తము. డాక్టరు పల్లెకు రాడు. వచ్చినవాడు డాక్టరు కాడు. ఈ సంకటము మనకొక్కరికే పుట్టినది కాదు. అమెరికా వంటి సంపన్న దేశములో సైతము అరువది ఏండ్ల క్రిందట ఇదే మాట వినబడెను. వారు దానిని విప్పిన తీరు మనకు ఉపయోగపడును. ఏలయనగా మన దేశములో నేడు అమలునకు వచ్చుచున్న చట్టములోని "ఫిజీషియన్ అసోసియేట్" అను వృత్తి అచట పుట్టినదే.

అమెరికాలోని ఉత్తర కరొలినా రాష్ట్రములో గార్లాండ్ అను చిన్న ఊరు కలదు. అచట ఆమోస్ జాన్సన్ అను పల్లె డాక్టరు ఉండెడివాడు. ఆయన వద్ద హెన్రీ ట్రెడ్‌వెల్ అను సహాయకుడు పనిచేసెను. ట్రెడ్‌వెల్ వైద్య కళాశాలలో చదివినవాడు కాడు. డాక్టరు దగ్గర నిలిచి, డాక్టరు నేర్పగా నేర్చుకొనినవాడు. జాన్సన్ ఊరిలో లేనప్పుడు దవాఖానా పని సాగించుచుండెను. చూడుడు, మన కాంపౌండరు కథకును దీనికిని ఎంత పోలిక! అదే రాష్ట్రములోని డ్యూక్ విశ్వవిద్యాలయములో యూజీన్ స్టెడ్ అను వైద్యాచార్యుడు ఈ ఏర్పాటును ఎరిగి, ఇట్టివారిని పద్ధతి ప్రకారము తయారు చేయరాదా అని తలపోసెను. నౌకాదళములో గాయపడిన సైనికులకు చికిత్స చేసి, ఇంటికి తిరిగివచ్చి, చేతిలో విద్య యుండియు కాగితము లేక తిరుగుచున్న నలుగురిని 1965లో చేర్చుకొని రెండేండ్లు చదివించెను. 1967 అక్టోబరు 6వ తేదీన వారిలో ముగ్గురు మొదటి పట్టము పొందిరి. వారికి "ఫిజీషియన్ అసిస్టెంట్" అని పేరు. అనగా వైద్యునకు సహాయకుడు. 1969లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయము ఇదే బాటలో "మెడెక్స్" అను పథకము నెలకొల్పి, సైనిక వైద్య సేవకులకు శిక్షణ నిచ్చి పల్లె డాక్టర్ల వద్దకు పంపెను.

ఇచట మీరు ఒక్క విషయము గమనింపవలెను. ట్రెడ్‌వెల్ మంచి పనివాడే. కాని ఆ సంగతి ఎరిగినవాడు జాన్సన్ డాక్టరు ఒక్కడే. ఆ డాక్టరు లేని మరియొక ఊరికి అతడు పోయినచో, ఆ ఊరివారికి ఏమి ఆధారము? అతని వంటివాడనని చెప్పుకొని మరియొకడు వచ్చినచో, వానిని ఎవరు పరీక్షింతురు? ఒక డాక్టరునకు తన సహాయకునిపై గల నమ్మకమును ముక్కు మొగము తెలియని రోగికి సైతము అందునట్లు చేయు సాధనమే లైసెన్సు. అమెరికాలో ఈ పని కేంద్ర ప్రభుత్వము చేయదు. ఆయా రాష్ట్రములు చేయును. ఒకదాని తరువాత నొకటిగా రాష్ట్ర శాసనసభలు చట్టములు చేసినవి. కడపట మిసిసిపి రాష్ట్రము 2000లో చేసెను. మొదటి ముగ్గురు పట్టము పొందిన ముప్పదిమూడేండ్లకు! రాష్ట్రములు ఆలస్యము చేయుట మన దేశపు ఆచారమే అని తలచు సోదరులు ఈ సంగతి వినవలెను.

లైసెన్సు ఎట్లు పొందుదురు? ముందుగా గుర్తింపు గల విద్యాలయములో చదువవలెను. డిగ్రీ అయిన పిమ్మట సుమారు 27 నెలల చదువిది. అందులో 2000 గంటలకు పైగా ఆసుపత్రులలో రోగుల మధ్య పనిచేయుచు నేర్చుకొనవలెను. పిదప దేశమంతటికిని ఒకటే యైన పరీక్ష కలదు. 1973లో ఇట్టి పరీక్ష మొదలైనది. ఇప్పుడు అందులో 300 ప్రశ్నలుండును. ఆరేండ్లలో ఆరు పర్యాయములకు మించి వ్రాయనీయరు. పరీక్ష నెగ్గినను సూది పట్టుటకు వీలు లేదు. తాను పనిచేయగోరు రాష్ట్రపు బోర్డునకు దరఖాస్తు పెట్టి, రుసుము చెల్లింపవలెను. పూర్వము నేరమేదైన చేసియుండెనా, మరియొక రాష్ట్రములో లైసెన్సు రద్దయినదా అను విషయములను పరిశీలింతురు. అవియన్నియు అయిన పిమ్మటనే లైసెన్సు.

అంతటితో జన్మహక్కు వచ్చినట్లు కాదు. జాతీయ ధ్రువపత్రము నిలుపుకొనుటకు రెండేండ్లకొకమారు 100 గంటల క్రొత్త చదువు చూపవలెను; పదేండ్లకొకమారు తిరిగి పరీక్షకు నిలువవలెను. లైసెన్సును కాలము తీరినప్పుడెల్ల పునరుద్ధరించుకొనవలెను. తప్పు చేసినచో రాష్ట్ర బోర్డు విచారించి దానిని నిలుపుదల చేయును, రద్దు కూడ చేయును. ఆ పట్టికను ఎవరైనను చూచుకొనవచ్చును. మా దృష్టిలో అసలు కీలకమిదియే. చదువు ఎంతయున్నను, పట్టికలో ఎక్కిన పేరును కొట్టివేయు అధికారము ఎవరికో ఒకరికి ఉన్నప్పుడే ఆ పేరునకు విలువ. మా తల్లిగారికి మందు ఇచ్చినవాని విషయములో కొట్టివేయుటకు పేరే లేకపోయెను.

సహాయకుడు డాక్టరునకు ఎంత దగ్గరగా ఉండవలెను, ఏ మందులు వ్రాయవచ్చును అను విషయములలో రాష్ట్రమునకును రాష్ట్రమునకును భేదము కలదు. చాల రాష్ట్రములు డాక్టరుతో వ్రాతపూర్వకమైన ఒడంబడిక కోరును. ఉత్తర డకోటా రాష్ట్రము 2019లో ఆ నిబంధనను సడలించెను. ఒక రాష్ట్రపు లైసెన్సు పొరుగు రాష్ట్రములో చెల్లదు. ఈ ఇబ్బంది తొలగించుటకు రాష్ట్రములు తమలో తాము ఒక ఒప్పందము చేసికొనుచున్నవి. 2023లో యూటా మొదట చేరెను. 2024లో ఏడవ రాష్ట్రము చేరుటతో దానికి బలము వచ్చెను. ఆ వివరములు మనకు అంత ముఖ్యములు కావు.

పేరును గూర్చిన తగవు మాత్రము మనకు ముఖ్యమే. అమెరికాలోని వారి సంఘము 2021లో "అసిస్టెంట్" అను మాటను విడిచి "అసోసియేట్" అని పిలువవలెనని నిశ్చయించెను. మేము చేతిక్రింద మనుషులము కాము, తోడివారము అని వారి భావము. ఇంగ్లండులో ఇందుకు విరుద్ధముగా జరిగినది. అచట "అసోసియేట్" అను పేరు ముందే వాడుకలో ఉండెను. తాము చూచినది డాక్టరునే అని రోగులు భ్రమపడుచున్నారని పెద్ద గొడవ చెలరేగెను. 2024 డిసెంబరు నుండి వారిని వైద్య మండలి అధీనములోనికి తెచ్చిరి. అటుపిమ్మట 2025 జూలైలో ప్రభుత్వము నియమించిన సమీక్ష, పేరును తిరిగి "అసిస్టెంట్" అని మార్చవలెనని సిఫారసు చేసెను. ఒక్క మాట కొరకు ఇంత రాద్ధాంతమా అని మీరు అనుకొనవచ్చును. మన ఊరిలో మూడక్షరముల తారుమారు ఏమి చేసినదో ఇంతకు ముందే చెప్పితిమి.

మన దేశములో ఈ చదువు 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో, ప్రముఖ హృదయ శస్త్రవైద్యులు డాక్టరు కె. ఎం. చెరియన్ ఆధ్వర్యమున మొదలైనది. పిమ్మట అనేక చోట్ల కళాశాలలు వెలసినవి. పట్టభద్రులు పెద్ద ఆసుపత్రులలో డాక్టర్ల పర్యవేక్షణ క్రింద పనిచేయుచున్నారు. అయితే చిరకాలము వారికొక పట్టిక లేదు, ఒక మండలి లేదు. 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టము చేసి ఆ లోపము తీర్చదలచెను. ప్రయోగశాలలో రక్తము పరీక్షించువారు, ఎక్స్‌రే తీయువారు, ఫిజియోథెరపీ చేయువారు, ఫిజీషియన్ అసోసియేట్లు మున్నగువారందరును దీని క్రిందికి వత్తురు. రెండు తరగతుల వారిని ఆ చట్టము గుర్తించినది: ఒక తరగతికి 2000 గంటలకు తగ్గని చదువు, మరియొక తరగతికి డిగ్రీతో కూడిన 3600 గంటలకు తగ్గని చదువు. ప్రతి రాష్ట్రములోను ఒక మండలి, ఒక పట్టిక. పట్టికలో పేరు లేనివాడు ఉన్నదని చెప్పుకొనినచో మొదటి పర్యాయము 50,000 రూపాయల వరకు జరిమానా. మరల చేసినచో ఆరు నెలల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండును.

చట్టము వచ్చినంతనే మండలులు వచ్చినవని చెప్పజాలము. పెక్కు రాష్ట్రములు జాప్యము చేసినందున 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కలుగజేసికొని, రెండు నెలలలో అమలు పరచవలెనని ఆదేశింపవలసి వచ్చెను. ప్రభుత్వ ప్రచారోద్యోగులమైనను ఈ మాట దాచుట మాకు ఇష్టము లేదు.

ఈ చట్టమును అడ్డము పెట్టుకొని ఎవడైనను ఊరిలో స్వతంత్రముగా దవాఖానా తెరచుటకు వీలు లేదు. ఫిజీషియన్ అసోసియేట్ డాక్టరుతో కలిసి పనిచేయువాడే గాని డాక్టరునకు బదులు కాడు. వైద్యము చేయు హక్కును గూర్చి వేరుగా 2019 నాటి జాతీయ వైద్య మండలి చట్టము కలదు. దాని 34వ సెక్షను ప్రకారము, నమోదు లేక వైద్యము చేసినచో ఒక సంవత్సరము వరకు జైలు, లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 ప్రాంతమున పల్లె వైద్యులకు కొంత శిక్షణ నిచ్చు పథకము నడిచెను. ఆ కాగితము గోడకు వ్రేలాడదీసి చూపువారు నేటికిని కలరు. ప్రథమ చికిత్స నేర్చుకొనుట వేరు, వైద్యము చేయుటకు లైసెన్సు వేరు. చదువు నేర్చిన కాగితమా, పట్టికలో చేర్చిన కాగితమా అని అడుగుడు. రెండవది అయినచో దానిపై నమోదు సంఖ్య ఉండును. ఆ సంఖ్య మీ రాష్ట్రపు మెడికల్ కౌన్సిల్ వారి పట్టికలో సరిచూచుకొనవచ్చును. మీ ఊరిలో సెలైను బాటిళ్ళు వ్రేలాడుచున్న గదికి రిజిస్ట్రేషను ఉన్నదా యని కూడ తెలిసికొనుడు. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టము ఇందుకు వర్తించును. సందేహమున్నచో జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి వ్రాయుడు. ఊరిలో తగవు పెట్టుకొనవలసిన పని లేదు. మీకు ఎన్నికలలో ఓట్ల చింత యుండునని మేము ఎరుగుదుము. పంచాయతీ తీర్మానము ద్వారా వ్రాసినచో ఒక్కరిపై భారము పడదు.

ఇక అర్ధరాత్రి ఆయాసము. 2005 ఆగస్టు 15న మొదలైన 108 వాహనము కలదు; ఆయాసమునకు అదియే మొదటి దారి. పగటి పూటకు 2018 నుండి ఉపకేంద్రములలో నియమింపబడుచున్న కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లు ఉన్నారు. వీరు పెక్కుచోట్ల నర్సింగు చదివి, పైన ప్రత్యేక శిక్షణ పొందినవారు. దూరమునందున్న డాక్టరుతో ఫోనులో మాట్లాడించి మందు ఇప్పింతురు. మా ఊరి ఉపకేంద్రము తాళము వేసియే యుండునని మీలో కొందరు అనుచున్నారు, వినబడుచున్నది. అట్లయినచో ఎన్ని రోజులు తెరచిరి, ఎన్ని రోజులు మూసిరి అను లెక్క పంచాయతీ పుస్తకములో వ్రాసియుంచుడు. గ్రామ ఆరోగ్య పారిశుద్ధ్య పోషణ సంఘములో మీకు స్థానమున్నది. ఆ లెక్కను అచట పెట్టుడు. "సరిగా రారు" అను మాటకు బదులు చెప్పుట పై అధికారికి సులభము. "ఈ మాసములో పదునొకండు దినములు మూసిరి" అను మాటకు సులభము కాదు.

ఆనాటి గ్రామసభ ముగిసి మేము జీపు ఎక్కబోవుచుండగా ఒకరు వెనుకగా వచ్చి నిలిచిరి. ఆ ఊరి "డాక్టరుగారు" ఆయనే. సభలో చివరి వరుసలో కూర్చుండి అంతయు వినెనట. తగవునకు వచ్చెనేమో యని మేము సంశయించితిమి. ఆయన నెమ్మదిగా, "మా అమ్మాయి ఇంటర్ బైపీసీ చదువుతోందండి. మీరు చెప్పిన ఆ అసోసియేట్ చదువు చదివించొచ్చాండి? నా మాదిరి కాకుండా, దాని పేరు పుస్తకంలో ఉండాలి" అనెను. కళాశాలలో చేర్చుటకు ముందు అడుగవలసిన విషయములు ఒక కాగితముపై వ్రాసి ఇచ్చితిమి: విశ్వవిద్యాలయపు గుర్తింపు ఉన్నదా, సొంత ఆసుపత్రి ఉన్నదా, చివరి సంవత్సరము ఆసుపత్రిలో పని నేర్పుదురా, చదువు ముగిసిన పిమ్మట రాష్ట్ర పట్టికలో నమోదునకు ఒప్పుకొందురా, మొత్తము ఎన్ని గంటల చదువు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకొని, కాగితము రెండు మారులు చదివి, చివరి పంక్తి చూపించి, "ఇక్కడ రెండు వేలు అని వేసుకోమంటారా, మూడు వేల ఆరువందలు అనా అండి?" అని అడిగెను. డిగ్రీ కనుక 3600 అని వేసికొనుమని చెప్పితిమి. జేబులోని కలము తీసి, మా జీపు బానెట్టు మీద కాగితము పెట్టి, ఆ అంకె తానే వేసికొనెను.